కదిలింది అని రాశాను

బుధవారం పొద్దున మా గదికి ఒక దర్జీ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టుంది. చేతిలో మా ఆస్పత్రి కరపత్రం ఒకటి. ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర అక్షరాలు చెరిగి తెల్లబడింది.

"లింకులు చూసే సారు మీరేనా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

"దీని మీదున్న అడ్రసు కొడితే ఏదేదో వస్తోంది సార్. కింద అడిగితే, మూడో అంతస్తులో లిఫ్టు పక్క గదిలో ఒకాయన ఉంటాడు, చచ్చిన లింకుల్ని బతికిస్తాడు, ఆయన్నడుగు అన్నారు."

నా గురించి కింద అలా చెప్పుకుంటారని నాకు తెలుసు. అందులో వెటకారం ఎంతో, గౌరవం ఎంతో ఎప్పుడూ తేల్చుకోలేదు.

నా పని చెప్పడానికి తేలికే. ఆస్పత్రి వెబ్‌సైటులో నాలుగువేల పైచిలుకు పేజీలున్నాయి. ప్రతి సోమవారం ఒక ప్రోగ్రాము వాటి చిరునామాలన్నీ ఒక్కొక్కటే తలుపు తట్టి, ఉన్నారా అని అడుగుతుంది. లోపలి నుంచి ఏదో ఒక పేజీ పలికితే నా జాబితాలో ఆ వరస పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది. పలకకపోతే ఎర్రచుక్క. ఎర్రచుక్క పడ్డవాటిని నేను తెరిచి చూసి, మూడు మాటల్లో ఒకటి రాయాలి. ఉంది, కదిలింది, పోయింది. కదిలింది అని రాస్తే కొత్త చిరునామా కూడా ఇవ్వాలి. పాత చోటికి వచ్చినవాళ్ళను యంత్రమే అక్కడికి తీసుకుపోతుంది. పోయింది అని రాస్తే ఆ పేజీ నకలు తీసి కింద యంత్రాల గదిలో దాస్తారు. పేజీ ఉన్న చోట మేం ఒక పలక పెడతాం. ఇక్కడ ఫలానాది ఉండేది, ఇప్పుడు లేదు, కావలసినవాళ్ళు ఈ గదికి వచ్చి అడగండి అని.

కరపత్రం చేతిలోకి తీసుకున్నాను. అయిదేళ్ళ కిందట నేనే అచ్చు వేయించింది. పేజీ పేరు, "మింగడం కష్టమైనప్పుడు: ఒక రోగి రాసుకున్నవి." అడుగున చిన్న అక్షరాల్లో నేనే రాసిన వాక్యం, "ఈ చిరునామా ఎప్పటికీ మారదు."

ఆ రోగి మా ఆవిడ.

నేనా పేజీ తెరవక మూడేళ్ళు దాటింది. అయినా కంగారు పడలేదు. అది జాబితాలో నాలుగువందల పదిహేడో వరస. దాని పక్కన పచ్చచుక్క పడని సోమవారం లేదు. కాఫీ కూడా ఆ చుక్క చూశాకే తాగేవాణ్ణి.

"ఉందమ్మా, చూడండి," అని తెర ఆమె వైపు తిప్పాను. "పచ్చగా ఉంది."

"పచ్చగా ఉంటే ఏం లాభం సార్. తెరవండి."

తెరవక తప్పలేదు. కళ్ళు సగం మూసుకుని నొక్కాను. ఆస్పత్రి మొదటి పేజీ వచ్చింది. తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న డాక్టరు బొమ్మ, కింద ఫోన్ నంబర్లు. చిరునామా అక్షరం అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆ డాక్టరే నవ్వాడు.

"నాకూ ఈయనే వస్తున్నాడు," అందామె. "మూడు రోజులుగా మా ఆయన మొహం కన్నా ఈయన మొహమే ఎక్కువ చూశాను."

నాలుగువందల పదిహేడో వరస తెరిచి కుడివైపు గడులు చూశాను. "కదిలింది" అని ఉంది. కొత్త చిరునామా గడిలో ఉన్నది మొదటి పేజీ. రాసినవారు అన్న గడిలో నా పేరులోని మొదటి అక్షరాలు. తేదీ, మా ఆవిడ లేని మొదటి నెలలోది.

అప్పుడు అర్థమైంది.

మా ఆవిడది కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు. కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత గొంతు. లెక్కల టీచరుగా చేసిన మనిషి, దేనికైనా అంకె వేయందే ఊరుకోదు. తనకు పనికొచ్చిన చిట్కాలన్నీ అంకెలు వేసి ఆస్పత్రి పేజీలో రాయడం మొదలుపెట్టింది, తనలాంటివాళ్ళ కోసం. అక్షరాలు ఒక్క వేలితో నొక్కేది. పుస్తకంలో రాసుకోరాదూ, కావాలంటే నేను రాసిపెడతాను అన్నానొకసారి.

"పుస్తకమైతే మీరు సర్దేస్తారు," అంది. "మీరు సర్దిన వస్తువు ఇంతవరకూ ఎవరికైనా దొరికిందా? అక్కడుంటే పదిలం."

మొదటి తొమ్మిదీ నేను పక్కనుండగా రాసింది. పదోది, పదకొండోది నేను ఆఫీసులో ఉన్నప్పుడు. పదకొండోది పూర్తయిన సాయంత్రం, గుమ్మంలో అడుగు పెట్టగానే గ్లాసు మీద చెంచాతో తట్టి పిలిచింది. అప్పటికి మాట సగం గాలిగా వచ్చేది.

"పదకొండు అయింది. మీకే రాశాను. చదవండి."

అది తినిపించే వేళ. గిన్నె, చెంచా పట్టుకుని కూర్చున్నాను. "ముందు ఇది కానీ. తర్వాత చదువుతాను," అన్నాను.

నవ్వింది. "తొందరేం లేదు. ఎక్కడికీ పోదు."

పన్నెండు రోజులకు మంచం ఖాళీ అయింది. ఫోన్లు వచ్చాయి. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, పోయినవాళ్ళ వెనక మనం పోలేం కదా. ఎవరి తప్పూ కాదు, మన భాషలో దానికున్న మాటే అది. పర్సు పోయినా అదే, కరెంటు పోయినా అదే, మనిషికీ అదే. వినీవినీ ఆ మాట గొంతులో ముల్లయింది. పదకొండోది చదవలేదు. చదివితే ఆవిడ చెప్పాల్సింది అయిపోతుంది. చదవకుండా ఉంటే ఇంకా ఒకటి బాకీ ఉన్నట్టే కదా అనుకున్నాను.

సెలవు అయ్యి ఆఫీసుకు వచ్చేసరికి కొత్త వెబ్‌సైటు కట్టారు. ముఖ్యమైన పేజీలు అందులోకి చేర్చేశారు. మిగిలినవి వెయ్యినూట ఆరు. పేర్లు లేవు, పాత సైటు వేసుకున్న ఉత్త అంకెలు. "ఒక్కొక్కటి తెరిచి చూసి, అక్కర్లేనిదానికి పోయింది అని రాసి కిందికి పంపండి. కాపీలు తీసి దాచేస్తారు," అన్నాడు పెద్దసారు. మొదటి వరస తెరిచి "పో" అని కొట్టాను. రెండో అక్షరం పడలేదు. చాలాసేపు చూసి, చెరిపి, "కదిలింది" అని కొట్టాను. ఎక్కడికి అని అడిగింది యంత్రం. ఏం చెప్పాలో తెలియక మొదటి పేజీ చిరునామా ఇచ్చాను. సరేనంది. మౌసు పట్టుకుని ఆ గడిని కిందిదాకా లాగాను. వెయ్యినూట ఆరు వరసలూ ఒక్క గుంజుడుతో కదిలిపోయాయి.

ఆ తర్వాతి సోమవారం జాబితా అంతా పచ్చగా పండింది. ఈ గదిలో ఎర్రచుక్క లేని వారం ఇదే మొదటిసారని పెద్దసారు నా బల్ల దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. రోగుల పేజీలు ముఖ్యమైనవాటితో పాటే కొత్త సైటులోకి చేరి ఉంటాయనుకున్నాను. చేరలేదు. ప్రోగ్రాముకు ఏ పేజీ పలికిందో అక్కర్లేదు, ఏదో ఒకటి పలికితే చాలు. ఒకరి కోసం ఇంటికి వచ్చి అడిగితే, లేరు అని చెప్పడానికి నోరు రాక, చెయ్యి పట్టుకుని సంతలోకి తీసుకుపోయి "ఇక్కడే ఎక్కడో ఉంటారు" అని వదిలేసి వచ్చినట్టు. నేను చేసింది అదే.

"ఒక్క పది నిమిషాలు కూర్చోండమ్మా," అని లేచాను. లిఫ్టు నడిపే ఆయన నా మొహం చూసి ఏమీ అడగకుండా, ఎక్కబోతున్న ఇద్దరిని ఆపి నన్నొక్కణ్ణే కిందికి దించాడు.

యంత్రాల గది చూసుకునే పెద్దాయనను అందరం చల్లగది బాబాయి అంటాం. ఆ గదిలో ఏసీ ఆపరు కాబట్టి ఎండాకాలంలో కూడా స్వెట్టరు, మంకీటోపీ. బయట సూర్యుడున్నాడని ఎవరైనా చెబితేనే తెలుస్తుందంటాడు.

"పాత సైటు మిషను కావాలి బాబాయ్. ఒక్క పేజీ తీయాలి."

"ఏ పేజీ అబ్బాయ్?"

చెప్పాను. దాచిన నకళ్ళ జాబితా తీసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి వేలితో వెతికాడు. రెండుసార్లు వెతికాడు.

"పోయినవాటిలో లేదే."

"పోయింది అని రాయలేదు. కదిలింది అని రాశాను."

"కదిలినదానికి నకలెందుకు తీస్తాం? కదిలిన చోట ఉంటుందిగా."

"ఎక్కడా లేదు బాబాయ్."

"మరి కదిలిందని ఎందుకు రాశావు?"

ఆయన కొంతసేపు నన్ను చూసి, చూపు యంత్రాల మీదికి తిప్పుకున్నాడు. అదొక దయ.

"పాత మిషను డిస్కులు నిరుడు నలగ్గొట్టించాం," అన్నాడు మెల్లిగా. "రోగుల వివరాలున్నాయని నువ్వే సంతకం పెట్టావు. బయట నకళ్ళు దాచే సైట్లుంటాయి, చూశావా?"

"రోగుల పేజీలు బయటివాళ్ళు నకలు తీయకూడదని సైటు గేటుకు బోర్డు పెట్టింది కూడా నేనే."

"అన్ని తలుపులూ నువ్వే వేశావురా అబ్బాయ్," అని, తన ఫ్లాస్కులోంచి వేడి టీ మూతలో పోసి ఇచ్చాడు. ఆ గదిలో వేడిగా ఉండేది అదొక్కటే. తాగాను. కృతజ్ఞతగా అనిపించింది, అంత దుఃఖంలో కూడా.

పైకి వచ్చేసరికి దర్జీ నా కుర్చీకి వేలాడేసిన కోటు ఒళ్ళో పెట్టుకుని ఉంది. తన రవిక చేతి అంచుకు గుచ్చి ఉన్న సూది తీసి, ఊడి వేలాడుతున్న గుండీ కుట్టేస్తోంది.

"ఊరికే కూర్చుంటే చేతులు ఊరుకోవు సార్. ఏమీ అనుకోకండి. దొరికిందా?"

"లేదమ్మా. తప్పు నాదే." ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ పేజీ ఎవరు రాసిందో కూడా. తిడుతుందనుకున్నాను. దారం పంటితో తెంపి, కోటు దులిపి కుర్చీకి తగిలించింది.

"గుడ్డ చిరిగితే అతుకేస్తాం. గుడ్డే లేకపోతే అతుకెక్కడ వేస్తాం," అంది. తర్వాత తన సంగతి చెప్పింది. భర్త బస్సు డ్రైవరు. అదే జబ్బు. ఇప్పుడు గొంతు దాకా వచ్చింది. మూడు పూటలా తినిపించడానికే ఆరు గంటలు పడుతోంది. వచ్చేవారం తిండికి గొట్టం వేద్దామంటున్నారు, ఆయన ఒప్పుకోవడం లేదు. "తిట్టాను సార్ ఆయన్ని. మొన్న చెంచా విసిరేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వెయిటింగు హాల్లో ఒకక్క కలిసింది. మూడేళ్ళ కిందట వాళ్ళాయనకీ ఇదే ఉండేదట. ఈ కాగితం ఇచ్చి, పదకొండోది చదువు, మనలాంటివాళ్ళ కోసం రాసింది, అది చదివాకే నేను మనిషినయ్యాను అంది."

"ఏముందో చెప్పిందా?" అన్నాను.

"చెంచా కింద పెట్టండి అని మొదలవుతుందట. తర్వాతది నా మాటల్లో చెప్తే చెడిపోతుంది, నువ్వే చదువుకో అంది."

చెంచా కింద పెట్టండి. ఆ 'అండి' నాకు. ఆ సాయంత్రం నా చేతిలో ఉన్నది అదే చెంచా.

ఆ అక్కకు ఫోన్ చేయమన్నాను. దర్జీ స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"అక్కా, ఆ పదకొండోది... నీకు గుర్తున్నంతవరకూ చెప్పవా. పేజీ లేదట."

"లేదా? అదేంటే. అడ్రసు మారదని రాసుందిగా." అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "చెంచా కింద పెట్టండి... ఆ తర్వాత... ఉండు. చదివి ఏడ్చానే. స్టవ్ కట్టేసి మరీ ఏడ్చాను, అది గుర్తుంది. మాటలు మాత్రం... అయ్యో. మళ్ళీ చూసుకోవచ్చులే అనుకున్నాను, అడ్రసుందిగా అని."

"ఒక్క ముక్కైనా?"

"లేదే తల్లీ. కల్పించి చెప్పలేను కదా."

కల్పించి చెప్పనందుకు ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి మనసులో దణ్ణం పెట్టాను. ఏదో ఒకటి చెప్పి ఉంటే నేను బతికినన్నాళ్ళూ దాన్నే పట్టుకుని వేలాడేవాణ్ణి.

దర్జీ సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. "మీ ముందు రాసినవి తొమ్మిదున్నాయి అన్నారుగా. అవైనా చెప్పండి."

చెప్పాను. మింగేటప్పుడు ప్రశ్న అడగకూడదు, జవాబు చెప్పబోయి పొరపోతుంది. పరుపుకు జారే గుడ్డ వేస్తే పక్కకు తిరగడం తేలిక. పిలవడానికి గంట వద్దు, గ్లాసూ చెంచా చాలు, గంట మోగితే ఇల్లు ఆస్పత్రి అవుతుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే రావాలి, గుంపుగా వస్తే నా గురించి నా ముందే మాట్లాడుకుంటారు, నేను సోఫాలా వింటూ పడుండాలి. దానికి దర్జీ నవ్వింది. పుస్తకంలో ఎవరిదో నడుము ముప్ఫైనాలుగు, ఎవరిదో చేతిపొడుగు, వాటి పక్కనే మా ఆవిడ మాటలు. ఆరు చెప్పాను. ఏడోది దిండు గురించో, దుప్పటి గురించో. ఎనిమిది, తొమ్మిది ఎంత తడిమినా చిక్కలేదు. పక్కన కూర్చుని చూసినవి కూడా నా దగ్గర లేవు.

"వదినగారు ఎప్పుడు..." అని ఆగిపోయింది దర్జీ.

"మూడేళ్ళయింది," అన్నాను. ఆ తర్వాత, మూడేళ్ళలో మొదటిసారి, "పోయింది" అన్నాను.

ఆమె పుస్తకం మూసి, లేచి, "ఆదివారం ఇంటికి రండి అన్నయ్యా. చెప్పినట్టు చేస్తున్నానో లేదో చూద్దురుగాని," అంది.

గురు, శుక్రవారాల్లో వెయ్యినూట ఆరు వరసలూ ఒక్కొక్కటే తెరిచాను. ఒక్క గుంజుడుతో చేసే వీలుంది, చేయలేదు. ప్రతిదానికీ "పోయింది" అని చేత్తో కొట్టాను. అందులో ఏమున్నాయో ఇక ఎవరికీ తెలియదు. ఎవరి కాన్పు కబుర్లో, ఏ పిల్లవాడి ఆపరేషను సంగతో. పలకల మీద పేజీ పేరు రాయాలి కదా, పేర్లు కూడా లేవు. ఒక్క నాలుగువందల పదిహేడుకే పేరు రాయగలిగాను. కరపత్రం ఉంది కాబట్టి.

శనివారం పెద్దసారు పరుగున వచ్చాడు. "ఏంటండీ ఇది, ఒక్క వారంలో వెయ్యి పేజీలు పోయాయా?"

"మూడేళ్ళ కిందటే పోయాయి సార్. ఈ వారం రాశాను."

"పైవాళ్ళకు ఏం చెప్పాలి నేను? పచ్చగా ఉన్నదాన్ని ఎవరు ఎర్రగా చేయమన్నారు మిమ్మల్ని?"

దర్జీ కుట్టిన గుండీ తడుముకున్నాను. ఆయన కూడా ఆ గుండీ వైపు చూసి, తలుపు మెల్లిగా వేసి వెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఒకటే గది, సగం బట్టల గుట్టలు. కుట్టుమిషను పక్కన చేతుల కుర్చీలో డ్రైవరు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి ఏదో అన్నాడు. మాట ముద్దగా ఉంది.

"టికెట్టు తీశాడా అని అడుగుతున్నారు," అని భార్య విడమరిచి చెప్పింది.

"పాసుందండీ," అన్నాను. ఆయన కళ్ళు నవ్వాయి.

ఆమె గిన్నె, చెంచా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. మెడ కింద మడత గుడ్డ, గడ్డం కొంచెం కిందికి, అంతా చెప్పినట్టే చేసింది. ప్రశ్నలు అడగలేదు. ఒక చెంచా. ఆగడం. దగ్గు. తుడవడం. మరో చెంచా. అరగంటకు గిన్నె పావువంతు దిగింది. ఆమె చూపంతా ఆయన గొంతు మీద. ఆయన చూపంతా చెంచా మీద. ప్రతి చెంచాకూ గిన్నె అంచు కాస్త గట్టిగా మోగుతోంది. మొన్న విసిరేసిన చెంచా ఇదేనేమో.

పక్కనుంచి చూస్తే అలా ఉంటుందని నాకు తెలియదు. రెండేళ్ళు నేను మా ఆవిడ గొంతు వైపే చూశాను. దిగిందా, లేదా. తన మొహం ఎలా ఉండేదో తలుచుకుంటే గొంతే గుర్తొస్తోంది, గొంతు మీద ఎముక కదలడం గుర్తొస్తోంది. కళ్ళు గుర్తు రావడం లేదు.

"చెంచా కింద పెట్టమ్మా," అన్నాను.

ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. గిన్నెలో పెట్టబోయి, మళ్ళీ ఏమనుకుందో, మిషను మీదున్న గుడ్డముక్క మీద ఆ తడి చెంచాను జాగ్రత్తగా బోర్లించింది. ఇప్పుడామె చేతులకు పని లేదు. ఒళ్ళో పెట్టుకుని, నేను పాఠం చెబుతానన్నట్టు ఎదురుచూసింది. డ్రైవరు కూడా నా వైపే చూస్తున్నాడు.

"తర్వాత?" అంది.

"అక్కడి దాకే తెలుసమ్మా."

గిన్నెలోది చల్లారుతోంది. చెంచా కింద గుడ్డ మీద తడి మెల్లిగా పెద్దదవుతోంది. ఆమె తల తిప్పి, ఏం చేయాలో తోచని మనిషిలా, భర్త మొహం వైపు చూసింది.